నాలుగు బెంచీల లోతు, సగం సిలిండర్ గాలి

స్కూబా డైవింగ్ లెక్కలు నేర్చుకోవడానికి మణుగూరు వెళ్తున్నానంటే మా పత్రిక డెస్కులో ఎవరూ నమ్మలేదు. మణుగూరులో బొగ్గు ఉంది, అడవి ఉంది, పక్కనే గోదావరి ఉంది. సముద్రం మాత్రం లేదు. కారణం ఇది. 2008 ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళి ముప్పై మీటర్ల డైవింగ్ కోర్సు చేయడానికి పేరు నమోదు చేసుకున్నాను. పద్దెనిమిది మీటర్ల కోర్సు అంతకు ముందే అయిపోయింది. కొత్త కోర్సు వాళ్ళు పంపిన అభ్యాసపత్రంలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. రెండు వందల బార్ల పీడనంతో నిండిన సిలిండర్‌తో కిందికి దిగి, సుమారు వంద బార్లు మిగిలి ఉండగానే పైకి బయలుదేరాలట. సగం గాలి వాడకుండా వెనక్కి ఎందుకు తేవాలని ఈమెయిల్‌లో అడిగితే సూత్రం పంపారు. సూత్రం అర్థమైంది. కారణం అర్థం కాలేదు.

గతంలో నేను ఖమ్మంలో మూడేళ్ళు పనిచేశాను. అప్పటి మిత్రుడొకరు ఖాసిం పేరు చెప్పారు. ఖాసిం ఇల్లందులో పుట్టాడు. వాళ్ళ నాన్నకు అక్కడ వెల్డింగ్ షాపు ఉండేది. పద్దెనిమిదేళ్ళకు నౌకాదళంలో చేరి, విశాఖలో ఇరవై ఏళ్ళు డైవర్‌గా చేసి, రిటైరయ్యాక మణుగూరులో పంపుల మరమ్మతు షాపు పెట్టుకున్నాడు. ఫోన్ చేసి నా సందేహం చెప్పాను. అంతా విని, "ఫోన్ల జెప్తే సమజ్ కాదు సార్. శుక్రవారం పాత గుంతల మునిగిన పంపు తీస్తున్నం. వచ్చి ఒడ్డు మీద గడియారం పట్టుకొని కూసోండ్రి. మా పని గుడ అయితది, మీ సదువు గుడ అయితది" అన్నాడు.

అది 2007 డిసెంబరు. ముందు రోజే ఖమ్మం చేరి, శుక్రవారం ఉదయం ఐదున్నరకు కొత్తగూడెం బస్సెక్కాను. ఈ బస్సులు వైరా, తల్లాడ మీదుగా వెళ్తాయి. తల్లాడలో పది నిమిషాలు ఆపారు. టీ మూడు రూపాయలు. రోడ్డు పక్క చేలల్లో మిరప పూత మీద ఉంది. నేను వెళ్తున్న పని కూడా మిరపతో ముడిపడి ఉందని అప్పటికి తెలియదు. కొత్తగూడెం చేరేసరికి ఎనిమిది దాటింది. టికెట్ ముప్పై ఎనిమిది రూపాయలు. అక్కడ మణుగూరు బస్సు మారాలి. అరగంటకొకటి ఉంటుందన్నారు గానీ నేను ముప్పావుగంట నిలబడ్డాను. పాల్వంచ దాటాక అడవి రోడ్డుకు దగ్గరగా జరుగుతుంది. భద్రాచలం రోడ్డు వదిలి ఎడమకు తిరిగాక బస్సులో టవల్ చుట్టుకున్న గని కార్మికులు, వెదురు బుట్టల ఆడవాళ్ళు మాత్రమే మిగిలారు. పదకొండుకు కాస్త ముందు మణుగూరులో దిగాను.

గుంత పట్టణానికి పద్నాలుగు కిలోమీటర్లు. ఆటో కిరాయి నూట ఇరవై. తిరిగి రావడానికి అక్కడ ఏమీ దొరకదు కాబట్టి ముందే మాట్లాడుకోవడం మంచిది. ఖాసిం దగ్గరికని చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"సిలిండర్ల ఖాసిం భాయ్ కాడికా? పొద్దుగాల వ్యాన్ల నాలుగు సిలిండర్లు పోయినయ్ సార్. మాకేమో గ్యాస్ నంబర్ పెడితే నెల దాకా రాదు. ఆయనకు ఒక్కపాలి నాలుగు ఎట్ల దొరికినయ్?"

"అది వంటగ్యాస్ కాదు. నీళ్ళలో పీల్చుకునే గాలి."

"గాలా!" అతను ఆటో గేరు తగ్గించాడు. "గాలి సిలిండర్ల పోసి విశాఖపట్నంకెళ్ళి తెచ్చిన్రా? ఈ అడవిల గాలికి గుడ కరువొచ్చిందా సార్?"

గుంత చూసే దాకా నాకూ ఆ ప్రశ్న సమంజసంగానే అనిపించింది. అది పాత ఓపెన్‌కాస్ట్ గని. తవ్వకం ఆగిపోయి ఎనిమిదేళ్ళయింది. ఊట నీళ్ళు, వాన నీళ్ళు చేరి చెరువైంది. పైనున్న గట్లు మెట్లు మెట్లుగా నీళ్ళలోకి దిగి కనిపించకుండా పోతాయి. ఈ మెట్లనే గని భాషలో బెంచీలంటారు. యంత్రం ఒక విడతలో ఎంత ఎత్తు గోడ కోస్తుందో అంత ఎత్తు మెట్టు ఒక బెంచి. పక్కనే పద్నాలుగు ఇళ్ళ కోయగూడెం ఉంది. ఇక్కడ దాన్ని గుంపు అంటారు. గుంపువాళ్ళు డ్రమ్ముల తెప్ప మీద కరెంటు పంపు పెట్టి, ఈ నీటితో పన్నెండు ఎకరాల మిరప పండిస్తున్నారు. సోమవారం డ్రమ్ములు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. తెప్ప ఒరిగి పంపు మునిగింది. కొత్త పంపు రావడానికి పది రోజులు పడుతుందని దుకాణంలో చెప్పారట.

"పది రోజులకు వస్తే పంపుకు దండ కట్టి పూజ చేసుకోవాలె" అంది సమ్మక్క. నలభై ఏళ్ళుంటాయి. పంపు విషయాలన్నీ గుంపు తరఫున ఆమే చూస్తుంది. "ఇంకో మూడు దినాలు ఆగుతది సారు చేను. నాలుగోనాడు పూత రాలుతది. రాలినంక సముద్రం తెచ్చి పోసినా కాయ రాదు." ఆ మాట అంటూ ఆమె నన్ను చూడలేదు. నీళ్ళకేసి చూసింది.

ఖాసింకు యాభై దాటాయి. పొట్టి మనిషి. ఎడమ భుజం కొంచెం వంచి నడుస్తాడు. జతగా దిగే డైవర్ అప్పలరాజు భీమిలివాడు, నౌకాదళంలో ఇతని కింద పనిచేసినవాడు. ఇప్పటికీ ఇతన్ని చీఫ్ అనే పిలుస్తాడు, తన యాసలో 'సీఫ్'. నాలుగు సిలిండర్లూ విశాఖలో నింపించుకొని వ్యాన్లో తెచ్చింది అతనే. సిలిండర్లో ఉన్నది ఆక్సిజనా అని గుంపువాళ్ళు ఎవరో అడిగితే ఖాసిం చెయ్యి అడ్డంగా ఊపాడు. "మామూలు గాలే. ఒత్తి నింపుతరు. వట్టి ఆక్సిజన్ తోటి గంత లోతుకు పోతే ఫిట్స్ వస్తయ్, నీళ్ళల్లనే పోతం." విడిగా ఒక ఆక్సిజన్ సిలిండర్ వ్యాన్లో ఉంది. పైకి వచ్చాక ఎవరికైనా తేడా చేస్తే వాడటానికి దవాఖానా నుంచి అడిగి తెచ్చాడు.

నా లెక్క అక్కడ, వ్యాన్ బానెట్ మీద మొదలైంది. ఖాసిం కాగితం పరిచాడు. "మీరు మామూలుగ నిమిషానికి ఇరవై లీటర్లు పీలుస్తరనుకోండ్రి. పది మీటర్లు దిగితే మీద నీళ్ళ బరువు ఒక వాతావరణం పెరుగుతది. అంటే రెట్టింపు, నలభై లీటర్లు. ఇరవై నాలుగు మీటర్లకు మూడుంపావు రెట్ల కంటే జర ఎక్కువ. అరవై ఎనిమిది లీటర్లు. మన సిలిండర్ పన్నెండు లీటర్లది, రెండు వందల బార్లు ఒత్తితే మొత్తం రెండు వేల నాలుగు వందల లీటర్లున్నయ్."

"భాగిస్తే ముప్పై అయిదు నిమిషాలు వస్తాయి" అన్నాను.

"వస్తయ్. గదే లెక్క జేసినోళ్ళు మునిగి పోతరు." అతను కాగితం తిప్పి రెండోవైపు రాయడం మొదలుపెట్టాడు. "ముందుగాల ఎనకకు వచ్చే లెక్క రాయాలె. అడుగున అప్పల్‌రాజు సిలిండర్ పని చెయ్యలేదనుకోండ్రి. ఇద్దరం నా దాంట్లకెళ్ళే పీల్చాలె. భయంల ఉంటం, ఒక్కొక్కడు ముప్పై లీటర్లు లాగుతడు. ఒక నిమిషం అడుగున గడబిడ. మూడు నిమిషాలు మెల్లగ పైకి. అయిదు మీటర్ల కాడ మూడు నిమిషాలు ఆగుడు. అన్నీ కలిపితే ఎనిమిది వందల డెబ్బై లీటర్లు. డెబ్బై మూడు బార్లు. నేను ఎనభై రాస్త. నా గేజి ఎనభై చూపిస్తే నా గాలి అయిపోయినట్టే. మిగిలింది నాది కాదు. వాడిది. వాడి సిలిండర్ల మిగిలింది నాది."

నెలరోజులుగా నాకు అర్థం కానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది. మిగిలించి తెచ్చే గాలి పొదుపు కాదు. పక్కవాడి వాటా.

పక్కన నిలబడి వింటున్న సమ్మక్కకు వేరే సందేహం వచ్చింది. "ఎనభై బారలా ఖాసిమన్నా? గా గుంత గంత లోతు లేదు!" ఇక్కడ బార అంటే చాచిన రెండు చేతుల పొడవు. తాళ్ళు, బావులు దాంతోనే కొలుస్తారు. అప్పలరాజు పగలబడి నవ్వాడు. "ఎనభై బారలైతే నేను భీమిలి ఎల్లిపోతానమ్మా, ఖాసిం సీఫ్ ఒక్కడే దిగుతాడు."

రెండో లెక్క నత్రజనిది. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. ఎంత లోతు, ఎంతసేపు అనేదాన్ని బట్టి దానికి హద్దు ఉంది. ఆ హద్దు దాటితే పైకి వచ్చేటప్పుడు మధ్య మధ్య చాలాసేపు ఆగి దాన్ని బయటికి పంపాలి. దాన్నే డీకంప్రెషన్ అంటారు. ఆగకుండా వస్తే గోలీసోడా కొట్టినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. అవి కీళ్ళలో చేరితే నొప్పి, వెన్నులో చేరితే కాళ్ళు పడిపోతాయి. ఖాసిం దగ్గరున్న పట్టికలో ఇరవై నాలుగు మీటర్లకు ఇరవై తొమ్మిది నిమిషాల వరకు అలా ఆగే అవసరం లేదు. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు జాగ్రత్త కోసమే. గాలి లెక్క ప్రకారం ఇరవై ఒక్క నిమిషాలు. రెండిటిలో తక్కువది తీసుకొని, అందులోనూ ఒకటి తగ్గించి, ఇరవై అని రాశాడు.

ఈ లెక్కంతా ఇరవై నాలుగు అనే అంకె మీద నిలబడింది. అది రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, ఖాసిం బుధవారం ఇనుపగుండు కట్టి వదిలిన తాడు. అయిదు మీటర్లకొక ఎర్ర పీలిక కట్టిన ఆ తాడు ఇరవై నాలుగు దగ్గర వదులైంది. రెండు, రాజమల్లు. ఈ గనిలోనే షవెల్, అంటే గోడ కోసి తవ్వే యంత్రం, నడిపి రిటైరైన మనిషి, గుంపు పక్క ఊరే. "నీళ్ళ కింద నాలుగు బెంచీలు. బెంచికి ఆరు మీటర్లు. నా చేతులతోటి కోసిన, నాకు ఎరుకలేదా?" అన్నాడు ఎదురెండలో చుట్ట వెలిగించుకుంటూ. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు. తాడు, మనిషి ఒకే మాట చెప్పినప్పుడు విలేకరి అయినా నమ్ముతాడు. నేనూ నమ్మాను.

పన్నెండు నలభైకి ఇద్దరూ, డ్రమ్ములు మార్చి మళ్ళీ నిలబెట్టిన తెప్ప పక్క నుంచి తాడు పట్టుకొని దిగారు. ప్లాన్ కాగితం, గడియారం నా చేతిలో ఉన్నాయి. నీళ్ళ మీద రెండు చోట్ల బుడగలు. ఎనిమిదో నిమిషం దాకా మార్పు లేదు. పదో నిమిషానికి తాడు పక్కనే టార్చి వెలుగు మసగ్గా కనిపించింది. పన్నెండు నిమిషాలు ముందే పైకి వస్తున్నారన్నమాట. వెలుగు పైదాకా రాలేదు. ఒకేచోట నిలిచిపోయింది.

"వచ్చినోళ్ళు రారేంది?" అంది సమ్మక్క. అర నిమిషం చూసింది. "ఏమో అయింది. పట్టున్రి, తాడు గుంజున్రి!" తెప్ప మీదున్న ఇద్దరు తాడు అందుకొని బలంగా లాగారు. నీళ్ళలో వెలుగు ఊగిపోయింది. నేను గట్టు మీద నుంచి అరిచాను. వాళ్ళకు ప్రమాదమేమీ లేదనీ, మూడు నిమిషాలు అక్కడ ఆగాలనీ, లాగితేనే ప్రమాదమనీ చెప్పాను. వాళ్ళు తాడు వదిలి నా ముఖం చూశారు. ఆ మూడు నిమిషాలు వాళ్ళు దిగకముందు నుంచీ నా చేతి కాగితంలో ఉన్నాయి. నేను ఎవరికీ చెప్పలేదు.

పైకి రాగానే ఖాసిం మొదటి మాట, "తాడు ఎవడు గుంజిండు?"

"నేనే గుంజమన్న" అంది సమ్మక్క. "పంపేదన్నా?"

పంపు లేదు. ఇరవై నాలుగు మీటర్ల దగ్గర చదునైన నేల తగిలింది. దాని మీద పంపు ఈడ్చుకుపోయిన గీత ఉంది. గీత వెంట రబ్బరు పైపు. నాలుగడుగులు పోయాక నేల లేదు, అంచు ఉంది. పైపు అంచు దాటి కిందికి వేలాడుతోంది. టార్చి వేస్తే అడుగు కనిపించలేదు.

"పైపు పట్టుకొని జర్రున దిగిపోనామంటే అయిపోను" అన్నాడు అప్పలరాజు ముక్కు తుడుచుకుంటూ. "సీఫు ఒప్పుకోనేదు. పైకి పోదుమని బొటనేలు పైకెట్టీసినాడు."

సమ్మక్క కోపం దాచుకోలేదు. "చేతికి అందే కాడికి పోయి ఉత్తగ వస్తిరా! పైపు కనవడ్డదంటివి, పంపు దాని కొసకే గదా ఉంటది?"

"కొస ఎంత లోతుల ఉన్నదో కాగితం మీద లేదక్కా. కాగితం మీద లేని కాడికి నేను పోను" అన్నాడు ఖాసిం. తర్వాత రాజమల్లు ముందు కూర్చున్నాడు. "మల్లన్నా, నాలుగో బెంచి కింద ఇంకోటున్నది."

"ఏడిది? నాలుగే. నేను కోసినయే."

"నువ్వు డ్యూటీ దిగిపోయిందెప్పుడు?"

"తొంభై ఆరుల."

"గని బందయింది?"

రాజమల్లు చుట్ట నోట్లోంచి తీశాడు. "తొంభై తొమ్మిదిల."

"మరి గా మూడేండ్లు వాళ్ళేం జేసిన్రు?"

రాజమల్లు చుట్ట నుసి రాల్చాడు. "తవ్వే ఉంటరు" అన్నాడు చివరికి, మెల్లగా. "పెద్ద షవెల్ తెచ్చిన్రని విన్న. నేను సూడబోలే. గది తొమ్మిది మీటర్లు కోస్తదంటరు."

"కాక దిగిపోయిన్నాడే గని గుడ దిగిపోయిందనుకున్నడు!" అంది సమ్మక్క. కోపంలోనే అన్నా, చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. రాజమల్లు కూడా నవ్వాడు. "నా లెక్కల గట్లనే బిడ్డా. నేను పోనినాడు ఆడ పనెట్ల నడుస్తది?"

అతను అబద్ధం చెప్పలేదు. తాడు కూడా చెప్పలేదు. గుండు పడింది నాలుగో బెంచి మీదే. రెండూ నిజమే చెప్పాయి, 1996 నాటి నిజం. ఖాసిం తెప్పను అంచుకు అవతలికి లాగించి మళ్ళీ గుండు వదిలాడు. ముప్పై మూడు. ఆరు మీటర్ల బెంచీలు నాలుగు, తొమ్మిది మీటర్ల బెంచి ఒకటి.

కాగితం మళ్ళీ బానెట్ మీదికి వచ్చింది. తొమ్మిది మీటర్లు పెరిగితే ఏమవుతుందో ఈసారి నన్ను చేయమన్నాడు. నిమిషానికి అరవై ఎనిమిది లీటర్లు కాస్తా ఎనభై ఆరయ్యాయి. ఇద్దరూ ఒకే సిలిండర్‌తో పైకి రావడానికి కావలసినది పదకొండు వందల అరవై లీటర్లు దాటింది. అంటే వంద బార్లు, సగం సిలిండర్. మిగిలిన సగం పద్నాలుగు నిమిషాలకు సరిపోతుంది. పట్టిక చూస్తే నత్రజని హద్దు కూడా పద్నాలుగే. పావువంతు కంటే కాస్త ఎక్కువ ఒత్తిడి పెరిగితే గాలి ఇచ్చే సమయం మూడో వంతు పోయింది, పట్టిక ఇచ్చేది సగం పోయింది. మొదట వేసిన ఇరవై నిమిషాల ప్లాన్‌తో పైపు పట్టుకొని దిగి ఉంటే ఏమయ్యేదో విడిగా లెక్క వేయాల్సిన పని లేదు.

అప్పలరాజు వదల్లేదు. "రెండు నిండు సిలిండర్లు ఉన్నాయి కద సీఫ్. గంట ఆగి దిగిపోదుం. ఎలుగుంది."

"ఇందాకటి డైవ్ నత్రజని ఒంట్లనే ఉన్నది. గంటకు మొత్తం పోదు. పద్నాలుగుల కెళ్ళి అది తీసెయ్యాలె. మిగిలిన దాంట్ల పంపు విప్పుతవా?" ఖాసిం తల అడ్డంగా తిప్పాడు. "రేపు పొద్దుగాల."

"ఒక దినం పాయె" అంది సమ్మక్క. "మూడు దినాలల్ల ఒకటి పాయె అన్నా."

ఖాసిం తన ఎడమ భుజం చూపించాడు. "ఎనభై తొమ్మిదిల ఆరు నిమిషాలు ఎక్కువున్న అడుగున. ఓడల బుడగలు కరిగించే ఒత్తిడి గది ఉన్నది, పది నిమిషాలల్ల పండవెట్టిన్రు. అయినా చలికాలం ఇది నాకు యాదికి జేస్తది. ఇప్పుడు గా గది విశాఖల ఉన్నది. ఈడికెళ్ళి ఎనిమిది గంటలు. ఆడికి పోయేదాక నన్ను ఎవరు మోస్తరక్కా, నీ మిరపచేనా?" సమ్మక్క తమ భాషలో ఆడవాళ్ళతో ఏదో మాట్లాడి ఇంటివైపు నడిచింది.

సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు జరిగింది ఏ అభ్యాసపత్రంలోనూ లేదు. ముప్పై మీటర్లు దాటితే నత్రజని మత్తులా పనిచేసి బుర్ర మందగిస్తుంది. అందుకని చేతులకు అలవాటు చేయాలన్నాడు ఖాసిం. షాపు నుంచి అలాంటిదే పాత పంపు తెప్పించి గుంపు మధ్యలో పడేశాడు. కళ్ళకు తువ్వాలు కట్టుకొని ఇద్దరూ పని మొదలుపెట్టారు. పైపు కోయాలి, కరెంటు కేబుల్ విడదీయాలి, తాడు కట్టాలి, మూడుసార్లు గుంజి సైగ చేయాలి. నేను గడియారం పట్టుకున్నాను. తొమ్మిది నిమిషాలు. దిగడానికి రెండు, పంపు వెతకడానికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి కాబట్టి అది చాలదు. రెండోసారి ఎనిమిది. అప్పలరాజు తాడు బదులు ఖాసిం కాలికి ముడివేసినప్పుడు పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ చప్పట్లు కొట్టారు.

సమ్మక్క ఎప్పుడు వచ్చిందో మా వెనక నిలబడి ఉంది. "ముడి ఎందుకన్నా? బాయిల బొక్కెన పడితే మేము ముడేస్తమా?" బావిలో పడిన బొక్కెనలు తీసే ఇనుప గాలం తెచ్చి ముందు పడేసింది. పంపును ఎత్తడానికి దాని పైన ఉండే కడియంలో గాలం కొక్కెం తగిలిస్తే చాలు. మూడోసారి అయిదున్నర నిమిషాల్లో పూర్తయింది. "ఇరవై ఏళ్ళు నౌకాదళంల జేసిన, ఇది తోచలే" అన్నాడు ఖాసిం తువ్వాలు విప్పుతూ. "నౌకల బాయి ఉంటదా ఏంది, తోచనీకి?" అంది సమ్మక్క. రాత్రి మణుగూరులో లాడ్జి గది రెండు వందలు. భోజనం ఖాసిం ఇంట్లో.

శనివారం ఉదయం ఎనిమిదింటికి మళ్ళీ గట్టు మీద ఉన్నాం. నిన్న సగంలో తిరిగివచ్చిన సిలిండర్లలో నూట నలభై బార్ల చొప్పున మిగిలింది. అందులో ఒకటి తాడుకు అయిదు మీటర్ల దగ్గర వేలాడదీశారు, ఆగే చోట గాలి తక్కువైతే అక్కరకొస్తుందని. ప్లాన్‌లో పద్నాలుగు బదులు పన్నెండు నిమిషాలు రాశాడు ఖాసిం. పంపు అందినా అందకపోయినా పన్నెండుకు అడుగు వదలాలి. తర్వాత నా చేతి గడియారం తీసి సమ్మక్కకు ఇచ్చాడు. "పెద్దముల్లు ఈడ ఉన్నప్పుడు దిగుతం. ఈడికొచ్చినప్పుడు ఎలుగు కనవడి ఆగుతది. ఆగినంక మూడు నిమిషాలు ఎవరినీ తాడు ముట్టనియ్యకు. పంతొమ్మిదో నిమిషం దాటి మేము రాకుంటే సారుకు జెప్పు."

ఎనిమిది ఇరవైకి దిగారు. అయిదు నిమిషాలు, ఏడు, ఎనిమిది. తాడు కదల్లేదు. తొమ్మిదో నిమిషానికి రాజమల్లు లేచి నిలబడ్డాడు. తెప్ప మీదున్న నలుగురు మగవాళ్ళు తాడు మీద చేతులు వేసి వంగి ఉన్నారు. పదో నిమిషంలో తాడు మూడుసార్లు గట్టిగా ఊగింది. నలుగురూ లాగడం మొదలుపెట్టారు. బార తర్వాత బార తడి తాడు తెప్ప మీద చుట్టలు పడింది. మధ్యలో ఒకసారి ఏదో పట్టేసినట్టు ఆగి, మళ్ళీ కదిలింది. పద్నాలుగో నిమిషానికి బురద కారుతూ పంపు నీళ్ళ పైకి వచ్చింది. గట్టు మీద అరుపులు మొదలయ్యాయి. ఒకతను నీళ్ళలోకి దూకబోయాడు. ఇంకొకతను సంబరంగా రెండో తాడు, డైవర్లు పట్టుకున్న తాడు అందుకున్నాడు.

"ముట్టకు!" సమ్మక్క గొంతుకు ఆ మనిషి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "పంపు వచ్చింది. మనుషులింకా రాలే."

పంపు వచ్చాక ఆమె దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. గడియారం రెండు చేతులతో పట్టుకొని, వెలుగు నిలిచిన చోటే చూస్తూ నిలబడింది. మిగతా వాళ్ళు కూడా ఒక్కొక్కరే మాటలు ఆపారు. పన్నెండు ఎకరాల చేను తెప్ప మీద బురదతో పడి ఉండగా, పద్నాలుగు ఇళ్ళవాళ్ళు నీళ్ళ మీద బుడగలు లెక్కపెట్టారు. పద్దెనిమిదో నిమిషంలో రెండు తలలు పైకి వచ్చాయి. ఖాసిం గేజి చూశాను. నూట ఎనిమిది. వేలాడదీసిన సిలిండర్ ఎవరూ ముట్టలేదు. పంపు బేరింగులు కడిగి, మోటారు ఎండబెట్టి, షాపులో మళ్ళీ చుట్టించి, ఆదివారం సాయంత్రం చేనుకు నీళ్ళు పారించారని ఖాసిం తర్వాత ఫోన్ చేసి చెప్పాడు. కొంత పూత రాలిందట. ఎక్కువ నిలిచిందట.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చొని నా అభ్యాసపత్రం మళ్ళీ తీశాను. అందులో లోతు అనేది ముందే అచ్చువేసిన అంకె. అక్కడి నుంచి మిగతావి లెక్కగట్టుకుంటూ పోవడమే. గుంత దగ్గర మాత్రం లోతు ఒక మనిషి మాట, ఒక తాడు మాట. రెండూ నిజమే అయినా పాతవి. లెక్క తప్పలేదు, లెక్క మొదలైన చోటు తప్పింది. ఖాసింను కాపాడింది అంకెలు బాగా రావడం కాదు. చేతికందే దూరంలో ఉన్న పైపును వదిలి, ఒడ్డున మాటలు పడటానికి సిద్ధపడి, పైకి వచ్చే అలవాటు. ఇరవై ఏళ్ళుగా వార్తలు రాస్తున్న నాకు ఆ అలవాటు ఎంత ఉందో, ధ్రువపడని ఒక వాక్యాన్ని ఎన్నిసార్లు వదిలి వెనక్కి వచ్చానో, కొత్తగూడెం వచ్చేదాకా ఆలోచించాను.

లోతైన డైవింగ్‌కు బయలుదేరేవాళ్ళకు ఒక్క సూచన. మీ ప్లాన్‌కు రెండు కాపీలు రాయండి. ఒకటి మీతో నీళ్ళలోకి వస్తుంది. రెండోది ఒడ్డున మీ కోసం ఎదురుచూసే మనిషి చేతికి ఇవ్వండి. ఎన్నో నిమిషానికి ఎక్కడ ఆగుతారో, ఎంతసేపు ఆగుతారో, ఎప్పటికి తల పైకి కనిపించాలో గడియారం చూపించి, వాళ్ళ భాషలో చెప్పి, తిరిగి చెప్పించుకొని దిగండి.